మా నాయన గాలం

దసరా సెలవులకి చేపల వేటకి పోదామని ప్లాను రాసుకున్నాను. పంతులుద్యోగం గదా, ఏ పనికైనా ముందు కాయితం మీద గడులు గీయటం అలవాటైపోయింది. లక్ష్యం, స్థలం, సమయం, కావలసిన సామగ్రి, ఎదురయ్యే ఇబ్బందులు. పాఠ్యపథకాలు రాసే నోటుబుక్కులోనే వెనక పేజీలో రాశాను. మా అమ్మాయి అది తీసుకుపోయి వాళ్ళ తాతకి చదివి వినిపించింది. మా నాయనకి చదువు రాదు. విని పగలబడి నవ్వాడు.

"చేపలకి గూడా లెసన్ ప్లానేందిరా?" అన్నాడు. నవ్వుతానే, "ఇంతకీ యాడికి పోదామని?" అని అడిగాడు.

"మన చెరువుకే నాయనా" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. కండువా దులుపుకుని లేచి బయటికి పోయాడు. రాత్రి అన్నం దగ్గర గూడా మాట్లాడలేదు.

మా నాయన ఎందుకు మాట్లాడలేదో మా అమ్మాయికి తెలవదు. నాకు తెలుసు. తెలిసే రాశాను.

ఈ ప్లాను పుట్టింది మా స్టాఫ్ రూములో. మాతో పనిచేసే ఒక సారు కొడుకు అమెరికాలో ఉంటాడు. వాషింగ్టన్ రాష్ట్రం. ఆకులు రాలే కాలంలో అక్కడి నదుల్లోకి సముద్రం నుంచి సాల్మన్ చేపలు ఎదురెక్కి వస్తాయట. వాటి వెనకే స్టీల్‌హెడ్ అనే ఇంకో రకం. ఆ పిల్లోడు దారి చూపే మనిషిని పెట్టుకోకుండా స్నేహితులతో కలిసి సొంతంగా వేటకి పోవటానికి నెలల ముందు నుంచీ లెక్కలేస్తాడంట. ఏ నదిలో నీళ్ళెంత, ఏ వారం చేప పైకొస్తది, లైసెన్సు ఎంత, ఏ రేవులో దిగొచ్చు. ఆ సారు ఫోనులో ఫోటోలు చూపించి మురిసిపోయాడు. రొమ్ముల దాకా రబ్బరు తొడుగేసుకుని నడుం లోతు నీళ్ళలో నిలబడ్డ పిల్లోడు, చేతిలో మూరెడు చేప.

"పట్టి మళ్ళీ వదిలేస్తారండీ" అన్నాడు సారు. "అదొక ఆట. మీకేం మాస్టారూ, మీరు పట్టిందల్లా పులుసు పెట్టేస్తారుగా" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళు దాటినా, సర్కారు జీతం తీసుకుంటున్నా, ఆ నవ్వు మాత్రం అట్టా తన్నుకొచ్చుద్ది మనకి. చిన్నప్పుడు నేర్చుకున్నది.

ఇంటికొచ్చి ఆ సాల్మన్ సంగతంతా చదివాను. మా నాయనకి చెప్పాను. ఆ ఈకల గాలం సంగతి ఆయనకి భలే వింతైంది. కొక్కేనికి ఈకలు, దారాలు చుట్టి పురుగులాగా తయారు చేస్తారు. దానికి బరువుండదు. అందుకని విసరటానికి దారాన్నే బరువుగా చేస్తారు. చేతివాటంతో దారాన్ని గాల్లో ముందుకీ వెనక్కీ ఆడించి, పురుగు వాలినట్టు నీళ్ళమీద వాలుస్తారు.

మా నాయన సాంతం విన్నాడు. "అంటే దాంట్లో తినేదేం లేదా?"

"ఏం లేదు. తిండి ఉన్నట్టు కనపడుద్ది, అంతే."

"ఓస్. మన ఆసాములు పట్టింది అట్టనే గదరా మనల్ని" అన్నాడు.

మా నాయన మాటలు అట్టా ఉంటాయి. వానకాలం మొదట్లో దీపాల చుట్టూ ఉసుళ్ళు ముసిరితే ఆయన చెంబులో పట్టి తెల్లారి గాలానికి గుచ్చేవాడు. రెక్కల ఉసురు నీళ్ళమీద పడి కొట్టుకుంటంటే పరిగెలు ఎగిరి అందుకునేవి. ఎర లేని గాలం ఆయన ఎరగడు. ఆకలి లేని వేట గూడా ఎరగడు.

సాల్మన్ పుట్టేది నదిలో. పిల్లగా ఉన్నప్పుడే సముద్రానికి పోద్ది. ఏళ్ళ తరబడి అక్కడ తిరిగి, పెరిగి, గుడ్లు పెట్టటానికి తను పుట్టిన నదికే తిరిగొస్తది. దగ్గరికి వచ్చాక ఆ నీళ్ళ వాసన పట్టి దారి గుర్తు పడుద్ది. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోద్ది. స్టీల్‌హెడ్ మాత్రం బతికి బట్టగట్టి మళ్ళీ సముద్రానికి పోయి మళ్ళీ రాగలదు. మన గోదావరిలో పులసదీ ఇట్టాంటి కథే. సముద్రంలో ఇలస, వరద నీటికి ఎదురెక్కి గోదావట్లోకి వస్తే పులస. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి ఆనకట్ట కట్టాక దాని దారి అక్కడితో సరి. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. మా పల్లెలో పులస తిన్నవాడు ఒక్కడు లేడు. అమ్ముకోటానికి పుస్తెలుంటే గదా.

చదవంగా చదవంగా నాకు చేప కంటే ముఖ్యమైంది ఒకటి దొరికింది. ఆ వాషింగ్టన్ నదుల్లో సాల్మన్ పట్టుకుని బతికింది అక్కడి ఆదివాసులు. 1854, 1855లలో వాళ్ళ భూములన్నీ రాయించుకునేటప్పుడు, మీ పాత రేవుల్లో చేపలు పట్టుకునే హక్కు మీకుంటదని తెల్లవాళ్ళు ఒప్పందాల్లో రాసిచ్చారు. తర్వాత ఆ హక్కు వాడుకున్నవాళ్ళని దొంగలన్నారు. వలలు లాక్కున్నారు. బిల్లీ ఫ్రాంక్ అనే నిస్క్వాలీ తెగ మనిషిని 1945లో, పద్నాలుగేళ్ళ పిల్లాడప్పుడు, చేపలు పట్టినందుకు అరెస్టు చేశారు. ఆ తర్వాత ఆయన యాభైసార్లకి పైగా అరెస్టయ్యాడు. ప్రతిసారీ బయటికొచ్చి మళ్ళీ నదిలోకే దిగాడు. చివరికి 1974 ఫిబ్రవరి 12న బోల్ట్ అనే జడ్జి, ఆ నదుల్లో పట్టదగ్గ చేపల్లో సగం వాటా ఆ తెగలదని తీర్పు చెప్పాడు. 1979లో వాళ్ళ సుప్రీంకోర్టు గూడా దాన్ని నిలబెట్టింది. బిల్లీ ఫ్రాంక్ 2014లో చనిపోయాడు. దొంగ అన్న దేశమే మరుసటి ఏడు ఆయన పేరు మీద పెద్ద పతకం ఇచ్చింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పద్నాలుగేళ్ళ పిల్లోడు చేపలు పట్టినందుకు దొంగైన కథ నాకు కొత్త కాదు. మా ఇంట్లో పిల్లోడు కాదు, తండ్రి.

మా ఊరు వినుకొండకి పది పన్నెండు కిలోమీటర్లు. పేరు రాయను. ఏ ఊరి పేరు రాసినా సరిపోయే సంగతే ఇది. ఊరికి పడమర చెరువు. దానికి మా తాత నీరటి. చెరువు తూము ఎత్తటం, దించటం, ఏ చేలోకి ఎంతసేపు నీళ్ళు పారాలో చూడటం, వరదొస్తే అర్ధరాత్రి కట్ట మీద కాపలా పడుకోవటం ఆ వెట్టి పని. తూము పట్టేస్తే నడి చెరువులోకి మునిగి, ఊపిరి బిగబట్టి, చేతుల్తో పూడిక తీసేవాడంట. కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు ఆఖర్న ఆయనకి కాసిని పోసేవాళ్ళు. ఊరు మొత్తానికి నీళ్ళు పంచింది మా తాత చెయ్యి. అదే చెయ్యి మంచినీళ్ళ రేవులో ముంచకూడదు. మా నాయనమ్మ కడవ పెట్టుకుని, ఎవరన్నా వచ్చి పోస్తారా అని గట్టున కూచునేది. తూములో మునిగినప్పుడు అంటని మైల కడవ ముంచితే ఎట్టా అంటుద్దో మా తాత ఎవర్నీ అడగలేదు. అడగొచ్చని ఆయనకి తెలవదు.

నీళ్ళ దగ్గర అడిగినవాళ్ళున్నారు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లో తీసుకుని తాగటానికి అంబేద్కర్ వేలమందితో నడిచాడు. మన పక్కనే కారంచేడులో 1985 జూలైలో రక్తం పారింది గూడా మాదిగలు మంచినీళ్ళు ముంచుకునే చెరువు దగ్గర మొదలైన మాట మీదే. మా వినుకొండ మనిషి జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. మనిషికి గుడి తలుపు మూస్తే గబ్బిలానికి దారుందని చూపించాడు. చెరువు దగ్గర మాకు గబ్బిలం గూడా లేదు.

1997. నేను నాలుగో తరగతి. కార్తీక మాసం, ముసురు పట్టి వారం రోజులుగా కూలి లేదు. మా నాయన వెదురు గెడకి దారం కట్టి, నా చేతికి కప్పల డబ్బా ఇచ్చి చెరువుకి తీసకపోయాడు. కొర్రమేనుకి కప్ప ఎర. తుంగ అంచున కప్పని మెల్లంగా నీళ్ళమీద లాగుతుంటే అడుగు నుంచి లేచి కొడుద్ది. కొట్టంగానే లాగకూడదు. మింగిందాకా ఆగి అప్పుడు గుంజాలి. తూము పక్కన రెండో ఝాముకి ఒకటి పడింది. కిలో పైన ఉంటది. మా నాయన మొహంలో ఆ సంతోషం నేను మళ్ళీ నాకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన రోజే చూశాను.

ఆ ఏడు చెరువు చేపల్ని పంచాయతీ వేలంలో ఒక ఆసామి పాడుకున్నాడు. ఆయన మనుషులు ఇద్దరు వచ్చారు. కట్టకి ఆ చివర ఊళ్ళో పిల్లోళ్ళు నలుగురు గాలాలేసుకునే ఉన్నారు. వాళ్ళని దాటుకునే వచ్చారు. గెడ మా నాయన వీపు మీదే విరిగింది. ఆయన దారంతోనే చేపని కట్టి ఆయన మెడలోనే వేశారు. రచ్చబండ దాకా నడిపించారు. వెనకమాల నేను, కప్పల డబ్బా పట్టుకుని.

కొర్రమేను గాలి పీల్చే చేప. నీళ్ళలోంచి తీసినా చాలాసేపు బతికుంటది. రచ్చబండ కాడ మా నాయన తల దించుకుని నిలబడ్డంతసేపూ ఆయన గుండెల మీద అది నోరు తెరుస్తా మూస్తా ఉంది. రెండు వందలు తప్పేశారు. ఆరేడు రోజుల కూలి. ఆ రెండొందలూ ఆ ఆసామి దగ్గరే అప్పు తీసుకుని ఆయనకే కట్టాడు. కార్తీకం పోయి మాఘం దాకా ఆయన చేలోనే తీర్చాడు. బళ్ళో నాకు కొర్రమేను అని పేరు పడింది. ఆ మరుసటేడే నన్ను వినుకొండలో హాస్టల్లో వేశారు.

పట్టిన చేపని వదిలేయటం ఆటంట. మా నాయన పట్టిన చేప మా నాయన్ని ఈ రోజుకీ వదల్లేదు.

అందుకని నా ప్లానులో 'లక్ష్యం' అన్న గడిలో ఇట్టా రాశాను: నాయన్ని తూము పక్కన ఒక పూట కూచోపెట్టటం.

స్థలం గడిలో మొదట గుండ్లకమ్మ అని గూడా రాసి కొట్టేశాను. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువు మీదుగా మా వైపొచ్చి, అద్దంకి మీదుగా సముద్రానికి పోద్ది. వానలు తగ్గి నీళ్ళు తేరుకున్నాక మడుగుల్లో జెల్లలు, బొమ్మిడాయిలు పడతాయి. ఆసామి లేడు, వేలం లేదు. ఆడికి పోతే ఏ గొడవా లేదు. గొడవ లేకపోవటమే నాకు నచ్చలేదు. గొడవ లేని చోటికి ఇరవై ఏడేళ్ళుగా పోతానే ఉన్నాం.

సమయం: దసరా అయి కార్తీకం వచ్చేలోపు. సాగర్ కుడికాలువ నీళ్ళతో చెరువు నిండుంటది. తెల్లారి ఎండెక్కే లోపు, మళ్ళీ పొద్దు గుంకే ముందు. సామగ్రి: వెదురు గెడలు మూడు, నైలాను దారం, కొక్కేలు, కప్పలు, ఎర్రలు, బెండుకి ఎండు జొన్నదంటు, పాములుంటాయి కాబట్టి బూట్లు, అన్నం మూట. ఇబ్బందులు: అనుమతి.

అనుమతి కోసం పంచాయతీ ఆఫీసుకి పోయాను. అక్కడున్నాయన కుర్చీ వేశాడు. "మీరు సారు గదండీ, ఒక పూట గాలమేసుకుంటే ఎవరడుగుతారు? వేసుకోండి" అన్నాడు. నాకు కావలసింది అదే. అయినా లేచి రాలేకపోయాను.

"మా పల్లె పిల్లలు వేసుకుంటే?" అని అడిగాను.

ఆయన ఫైలు సర్దుకున్నాడు. "అందరూ అంటే కుదరదు గదండీ. పాటదారుల్ని అడగాల."

అంటే చెరువు నాకు తెరిచారు. మా నాయన కొడుక్కి తెరవలేదు, సారుకి తెరిచారు. ఉద్యోగం ఉన్నంత వరకే ఆ దారి. నేను ఒప్పుకుని కట్టెక్కితే, ఆ రోజు కట్ట చివర కూచున్న నలుగురు పిల్లోళ్ళకీ నాకూ తేడా ఏముంది? ఇంటికొచ్చే దోవలో ప్లాను చించేద్దామనుకున్నాను.

ఇప్పుడు చెరువు పాడుకున్నది బెస్తోళ్ళ సంఘం. వాళ్ళ పెద్దాయన ఇంటికి పోయాను. వలకి ముడులేసుకుంటా కూచున్నాడు. సంగతంతా చెప్పాను. 1997 సంగతి గూడా చెప్పాను. చేతిలో పని ఆపాడు.

"ఆ రోజు నేనూ ఉండాను సారూ రచ్చబండ కాడ" అన్నాడు. "ఆసామి కింద వలలాగే కూలోళ్ళం అప్పుడు. ఏం మాట్లాడతాం?"

కాసేపాగి లెక్క చెప్పాడు. "మేం అప్పు తెచ్చి పిల్లలు పోశాం. బొచ్చెలు, శీలావతులు, ఎర్రమోసులు. అయ్యి మీరు పడితే మా పొట్ట కొట్టినట్టు. కొర్రమేను, జెల్లలు ఎవరూ పొయ్యలేదు. అయ్యి చెరువుయ్యి. పైగా కొర్రమేను మా పిల్లల్ని మింగుద్ది. దాన్ని పడితే మాకు మేలే. గాలమైతే ఏసుకోండి, వల మాత్రం దించమాకండి."

"మా పల్లె పిల్లలందరూ?"

"గాలం వరకే గదా. రానీ. బొచ్చె పడితే తిరిగి నీళ్ళలో ఏసెయ్యమనండి."

నేను చేతిలో నోటుబుక్కు తెరిచి రాసుకున్నాను. ఆయన నవ్వి, "ఇది గూడా రాస్తారా?" అన్నాడు. మా వాటా ఎంతో మాకెవరూ ఇంతవరకు ఇంత వివరంగా చెప్పలేదు, అందుకని రాశాను. అమెరికాలో జడ్జి చెప్పిన తీర్పు ఎంత పెద్దదో నాకీ వలకాడ మాట అంత పెద్దది. పట్టి వదిలేసే ఆట గూడా మా చెరువుకొచ్చింది. అయితే ఇది పొట్ట నిండినోడి ఆట కాదు. పక్కవాడి పొట్ట గుర్తు పెట్టుకోవటం.

ఇంటికొచ్చి మా నాయనకి చెప్పాను. బెస్త పెద్దాయన అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు గోడకానుకుని కూచున్నాడు.

"వాడు ఉండాడా ఆ రోజు?" అన్నాడు. "నేను తలెత్తలేదు. ఎవురెవురున్నారో నాకు తెలవదు."

తెల్లారి చొక్కా వేసుకుని తయారయ్యాడు. "వినుకొండ పోదాం పా. కొక్కేలు నువ్వు కొంటే మొద్దుయ్యి తెస్తావు."

కొట్లో నేను నంబర్లు అడుగుతున్నాను. కొక్కేల నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుద్దని చదువుకుని పోయాను. మా నాయన నంబర్లు చూడలేదు. ఒక్కో కొక్కేన్నీ బొటనవేలి గోటి మీద ఆనించి జరిపాడు. జారితే పక్కన పడేశాడు. గోటిని పట్టుకున్నదాన్ని జేబులో వేసుకున్నాడు. ఇరవైలో ఆరు తీశాడు. కొట్టతను ఏమీ అనలేదు, ఊరికే చూస్తా ఉండిపోయాడు.

పండగెళ్ళిన నాలుగో రోజు పోయినాం. నేను, నాయన, మా అమ్మాయి, పల్లెలో పిల్లలు ఏడుగురు. ఇంకో ఇద్దరు తల్లులు పంపలేదు. వాళ్ళని తప్పు పట్టను. మా నాయన సూటిగా తూము కాడికి పోయి, రాయి తుడిచి కూచున్నాడు. కప్పని తుంగ అంచుకి విసిరాడు. ఇరవై ఏడేళ్ళయినా చెయ్యి మర్చిపోలేదు.

పిల్లలకి రెండు బొమ్మిడాయిలు, ఒక జెల్ల, ఇన్ని పరిగెలు పడ్డాయి. ఒకడికి చేతి పొడుగు శీలావతి పడితే ఏడుపు మొహంతో నీళ్ళలో వదిలాడు. మా నాయనకి ఏమీ పడలేదు. ఒకసారి ఎర కదిలింది, అంతే.

పొద్దెక్కేటప్పుడు కట్ట మీద మోటారుసైకిలు ఆగింది. పాత ఆసామి కొడుకు. నన్ను చూసి "ఏం మాస్టారూ, వేటకొచ్చారా?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను అలవాటు కొద్దీ రెండడుగులు ఎదురుపోయాను. పోయాక గుర్తొచ్చి ఆగాను. వెనక్కి తిరిగి మా నాయన్ని చూశాను.

మా నాయన ఊళ్ళో ఆసాములు ఎవరొచ్చినా, వాళ్ళ పిల్లలొచ్చినా లేచి నిలబడతాడు. మోకాళ్ళ నొప్పులతో గూడా మంచం దిగుతాడు. లేవొద్దని ఎన్నిసార్లు చెప్పినా మొక్కాళ్ళు మాట వినవురా అంటాడు.

ఆ రోజు లేవలేదు. గెడ మీద నుంచి చూపు తియ్యలేదు. అతను "ఏం తాతా, పడ్డాయా?" అని అడిగితే, తల తిప్పకుండా చెయ్యెత్తి, "మెల్లగా అయ్యా, చేప బెదురుద్ది" అన్నాడు.

అతను ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. బండి చప్పుడు దూరమైందాకా మా నాయన అట్టానే కూచున్నాడు. గెడ పట్టుకున్న చెయ్యి కొంచెం వణుకుతా ఉంది.

ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిచాను. పాఠ్యపథకంలో ఆఖరి గడి 'ఫలితం'. మా అమ్మాయి నా భుజం మీద నుంచి చూస్తా, "తాతకి ఒక్కటి గూడా పడలేదని రాయి నాన్నా" అంది. అట్టాగే రాశాను. కింద వచ్చే ఆదివారం తేదీ వేశాను.